ఎదురుకాళ్ళ అమ్మణ్ణి

టాటానగర్ స్టేషన్ పక్క బాగ్‌బేరాలో మన తెలుగోళ్ళకి నడుం పట్టేస్తే ముందు గుర్తొచ్చేది డాక్టరు కాదు, అమ్మణ్ణి. తల్లి కడుపులోంచి తలతో రావలసిన మనిషి కాళ్ళతో వచ్చింది కాబట్టి ఆమె కాలికి మహిమ ఉందని అందరి నమ్మకం. వెళ్ళి ఆమె వాకిట్లో బోర్లా పడుకోవాలి. ఆమె ఎడమకాలితో నడుం మీద తన్నుతుంది. లేచి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి పోవాలి. రైల్వే గార్డులు, ఖలాసీలు, బిహారీ ఆటోవాళ్ళు, ఒకసారైతే ఎవరో హవల్దారు కూడా టోపీ పక్కన పెట్టి మరీ ఆ వాకిట్లో తన్నులు తిని వెళ్ళాడు. వాళ్ళలో ఎంతమందికి నడుం తిన్నగా అయిందో ఆ దేవుడికే ఎరుక. అమ్మణ్ణిని అడిగితే మాత్రం, నా కాల్లో ఏటుంది, మట్టుంది అంటుంది. ఎవరేమిచ్చినా పుచ్చుకోదు.

ఆమె మాట తీరే అంత. మెత్తగా మాట్లాడ్డం ఆ ఇంటి ఆడవాళ్ళకి ఏనాడూ చేతకాలేదు. వాళ్ళ అమ్మమ్మ, మొగుడికి లోకోషెడ్డులో పని దొరికితే, శ్రీకాకుళం వైపు నుంచి ఒళ్ళో ఒక రాయి మూటగట్టుకుని వచ్చి టాటానగర్ స్టేషన్లో దిగింది. అదేమిటని టీసీ అడిగితే, మా తల్లి అందట. తల్లికి టిక్కెట్టేదని వాడు నవ్వబోతే, నువ్వు మీ అమ్మకి టిక్కెట్టు కొట్టి పుట్టినావా అని అడిగిందట. ఆ రాయే ఇవాళ యార్డు గోడ పక్కన రేకుల కప్పు కింద కొలువున్న మరిడమ్మ. అందుకే చైత్రంలో జాతర వచ్చిందంటే తొలి ఘటం ఆ ఇంటి ఆడమనిషే ఎత్తాలి. అమ్మమ్మ ఎత్తింది, అమ్మ ఎత్తింది, అమ్మ పోయాక అమ్మణ్ణి ఎత్తుతోంది. మొగుడు ఆదిబాబు గమ్హరియాలో ఒక కార్ఖానాలో కాంట్రాక్టు పని చేస్తాడు. కూతురు యోగిత కాలేజీకి వెళ్తుంది. అమ్మణ్ణి మనవాళ్ళ పెళ్ళిళ్ళకీ, గుడి సంతర్పణలకీ వంటలు చేస్తుంది. ఇంత బతుకులోనూ ఆమె గొప్పగా చెప్పుకునేది ఒక్కటే, ఆ ఘటం.

జాతరలో మరిడమ్మ రాయికి పసుపు ముద్దతో ముఖం చేసి, అందులో రెండు వెండి కళ్ళు నొక్కుతారు. జాతర జరిగినన్నాళ్ళూ వచ్చిన ఆడవాళ్ళందరూ తలా ఒక పిడికెడు తడి పసుపు ఆ ముఖానికి మెత్తుతారు. ఆఖరి రోజున అమ్మణ్ణి ఆ వెండి కళ్ళు తీసి, కడిగి, గుడి ట్రంకు పెట్టెలో పెడుతుంది. అప్పుడు కమిటీ ప్రెసిడెంటు పసుపంతా గీకి ముద్దలు చేసి ఇళ్ళకి పంచుతాడు. పెద్ద ముద్ద ప్రెసిడెంటుగారి ఇంటికి వెళ్తుంది. దాన్ని దేవుడి గూట్లో పెట్టుకోవడమే తప్ప ఊరికే ముట్టుకోరు. ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోసినప్పుడే దాన్ని తీసి నీళ్ళలో కరిగిస్తారు.

ప్రెసిడెంటు సీతారామరావు గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ అందరూ గార్డుబాబు అనే పిలుస్తారు. చెడ్డవాడు కాదు, చేతివాటం లేదు, గుడికి రేకులు వేయించిందీ ఆయనే. ఆయన జబ్బల్లా ఒక్కటే. ఒకసారి అనుకున్నాడంటే అదే నిజం. పచ్చజెండా ఊపేశాక రైలు ఆపే అలవాటు ఆయనకి లేదు.

పోయినేడు జాతర ఆఖరి సాయంత్రం కాలవైశాఖి గాలి లేచింది. ఇక్కడి గాలివాన సంగతి ఇక్కడివాళ్ళకే తెలుసు. దుమ్ము, దాని వెనకే వడగళ్ళు, కరెంటు పోయింది, షామియానా ఎగిరి యార్డు గోడ మీద పడింది. అమ్మణ్ణి వంటపాక కూలిపోకుండా గుంజ పట్టుకుని వేలాడింది, కింద సలసలా మరుగుతున్న పప్పు గుండిగ ఉంది మరి. గుడిలో రేకుల సందుల్లోంచి నీళ్ళు అమ్మవారి మీద పడుతున్నాయని సీతారామరావు పరిగెత్తి, ఆ చీకట్లోనే పసుపంతా రెండు చేతులా లాగేసి ముద్దలు చేసేశాడు. వాన వెలిశాక ఎవరి ముద్ద వాళ్ళు పట్టుకుని ఇళ్ళకి పోయారు. కళ్ళు గార్డుబాబే తీసి పెట్టి ఉంటాడనుకుంది అమ్మణ్ణి. మర్నాడు ట్రంకు తీసి చూస్తే వెండి కళ్ళు లేవు.

ఇక చూడండి మనవాళ్ళ హడావిడి. ఠాణాకి వెళ్తే తెలుగోళ్ళ పరువు పోతుందన్నారు. మనలో మనమే తేల్చుకుందామన్నారు. తేల్చుకోవడానికేముంది, అందరి కళ్ళూ అప్పటికే మురళి మీద ఉన్నాయి. మురళి రంగులేసే పని చేస్తాడు, పని లేని రోజు తాగుతాడు, తాగిన రోజు గుడి అరుగు మీదే పడుకుంటాడు. దొంగ ఎలా ఉండాలని పెద్దమనుషులు అనుకుంటారో అచ్చం అలాగే ఉంటాడు పాపం. కానీ ఊరికే అనేస్తే బాగోదు కదా, అమ్మవారి చేత అనిపించాలి. అందుకని అంజనం వేద్దామన్నారు. అంజనం వేసేవాడు అసిరయ్య. తమలపాకు మీద ఆముదంలో కలిపిన మసి రాసి, దీపం ముందు పెట్టి, ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషి చేత చూపిస్తే అందులో దొంగ మొహం కనిపిస్తుందంటారు. బాగ్‌బేరా మొత్తానికి అలా పుట్టింది అమ్మణ్ణి ఒక్కతే.

అమ్మణ్ణి ఎప్పుడూ అంజనం చూడలేదు. పొమ్మన్నా పోయేది కాదు. అమ్మవారి కళ్ళ కోసం కాబట్టి వెళ్ళింది. దీపాలవేళ గుడి ముందు అందరూ చేరారు. ఆదిబాబూ యోగితా ఒక పక్కన నిలబడ్డారు. మురళి గళ్ళ లుంగీతో గోడకి చేరబడి ఉన్నాడు, ఆ పూట తాగలేదు. ముందు ఆంజనేయుడు వస్తాడని, తర్వాత దొంగ వస్తాడని చెప్పి అసిరయ్య ఆకు ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె వంగి చూసింది. చాలాసేపు చూసింది. సీతారామరావుకి ఓపిక పోయింది. మగవాడా ఆడదా అని అడిగాడు. కుర్రాడేనా అని అడిగాడు. ఆఖరికి గళ్ళ లుంగీ గాని కట్టాడా అని కూడా అడిగేశాడు. అందరూ ఒక్కసారి గోడ వైపు తిరిగారు. మురళి మొహం పాలిపోయింది. ఊఁ అంటే చాలు, అమ్మణ్ణి పరువుగా ఇంటికి పోయేది. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

"ఏటీ కనపడ్డం నేదు," అంది అమ్మణ్ణి. "మసి కనిపిత్తంది. మసిలో దీపం కనిపిత్తంది. అంతే."

వెనక నుంచి ఎవరో అన్నారు, దొంగే కూచుని చూస్తే దొంగ మొహం ఎలా కనిపిస్తుందని. ఎవరన్నారో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు. అసిరయ్యని అడిగితే గడ్డం గోక్కుని, పెద్దోళ్ళు అలాగే అంటారు అన్నాడు. అంతే, సీతారామరావు జెండా ఊపేశాడు. ఏటేటా కళ్ళు తీసేది అమ్మణ్ణే, ఇంకో చెయ్యి వాటిని తాకదు, ఇప్పుడు ఆమెకే ఏమీ కనపడ్డం లేదట, ఇంకేం రుజువు కావాలి అన్నాడు. అప్పటిదాకా మురళి వైపు చూసిన కళ్ళే ఇటు తిరిగాయి. ఆ తిరగడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఈ ఏడు నాను తియ్యనేదు," అంది అమ్మణ్ణి. "గాలొచ్చినప్పుడు నాను వంటకాడ గుంజట్టుకుని ఉన్నాను. పసుపు లాగింది మీరు. మీరు పట్టుకెళ్ళిన ముద్దలో సూడండి."

"అంటే అమ్మవారి కళ్ళు నా ఇంట్లో ఉన్నాయంటావు," అన్నాడు సీతారామరావు.

"ఉన్నాయననేదు బాబూ. సూడమన్నాను."

చూడొచ్చు కదా. ఆయన ఇల్లు గుడికి నాలుగు గుమ్మాల అవతల. పోనీ ఒక్కడైనా, గార్డుబాబూ ఒకసారి చూసి రండి అనొచ్చు కదా. అనలేదు. ప్రెసిడెంటునే దొంగంటుందా అని ఒకడు, అమ్మవారి పసుపు చిదిమి చూడమంటుందా అని ఇంకొకడు లేచారు. సీతారామరావు మొహం కందగడ్డలా అయింది. కర్పూరం తెప్పించాడు. అమ్మవారి ముందు అరచేత్తో వెలుగుతున్న కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యమన్నాడు. చేస్తే సరే, లేకపోతే తొలి ఘటమూ లేదు, గుడి వంటా లేదు అన్నాడు.

యోగిత తల్లి పక్కకొచ్చి, ఛోడో నా మమ్మీ, ఒక్కసారి ఆర్పేస్తే ఖతమ్ అని బతిమాలింది. అమ్మణ్ణి కూతురి చెయ్యి విడిపించుకుంది.

"నానార్పను," అంది. "ఇయ్యాల ఆర్పితే రేపు ఎవులింట్లో గిన్నె పోయినా నా సెయ్యే కాలాల. ఆర్పాలంటే అందరం ఆర్పుదాం. ముందు మీరు రండి గార్డుబాబూ, ఎనకాల నానొత్తాను."

ఆయన రాలేదు. ఆ రాత్రికే కమిటీ వాట్సాప్ గ్రూపులో తీర్పు వచ్చేసింది. కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి, ఆమె చేతి వంట ఏళ్ళ తరబడి తిన్నవాళ్ళవే.

అదంతా ఒక ఎత్తు. ఇంటికి వచ్చే దారిలో ఆదిబాబు అడిగిన మాట ఒక ఎత్తు. గొంతు తగ్గించి, తీసినావేటే అన్నాడు. అడిగి అప్పుడే నాలిక కరుచుకున్నాడు కూడా. అమ్మణ్ణి దారి మధ్యలో ఆగి అతన్ని చూసింది. అంతమంది అన్నప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది, దాన్ని అక్కడే మింగేసింది. ఆ రోజు నుంచి మొగుడితో నేరుగా మాట్లాడ్డం మానేసింది. పక్కనే కూచున్నా సరే, మీ నాన్నకి సెప్పు అన్నం ఎట్టానని, అని యోగితతో చెప్పేది. యోగిత విసుక్కుంటూ, పాపా ఖానా లగ్ గయా అని అందించేది. ఆదిబాబు నోరెత్తకుండా తినేవాడు. మధ్యలో ఒకసారి కార్ఖానాలో బరువెత్తి అతనికి నడుం పట్టేసింది. వాకిట్లో పడుకున్నాడు. అమ్మణ్ణి మాట్లాడకుండా వచ్చి తన్నింది, కావలసినదానికన్నా కాస్త గట్టిగానే తన్నింది.

వంటలకి పిలిచేవాళ్ళు లేకపోతే అమ్మణ్ణి స్టేషన్ దారిలో ఇడ్లీ బండి పెట్టింది. తెలుగోళ్ళు రాకపోతేనేం, ఒడియావాళ్ళూ బిహారీలూ వచ్చి తిన్నారు. పొద్దున్నే ఆ బండి తోసేది మురళి. ఎందుకు తోస్తున్నావని ఆమె అడగలేదు, అతనూ చెప్పలేదు. ఇక నడుం పట్టేసినవాళ్ళ సంగతి భలే తమాషా. దొంగని వెలేశారు గాని నొప్పుల్ని వెలెయ్యలేకపోయారు. చేతులు జోడించిన బొమ్మలు పెట్టినవాళ్ళే, సందులో కాలవ పక్కనుంచి పెరటి తలుపు దగ్గరికొచ్చి చిన్నగా తట్టేవారు. అమ్మణ్ణి లోపల్నుంచే, ఈదిగుమ్మంలోకి రండి, నలుగురూ సూత్తండగా పడుకోండి, తంతాను అనేది. తలుపు తీసేది కాదు. కొందరు నడుం పట్టుకుని అలాగే వెనక్కి పోయారు. కొందరు సిగ్గు చంపుకుని ముందువైపుకి వచ్చారు. వచ్చినవాళ్ళని ఆమె ఏమీ అనలేదు, తన్ని పంపించింది.

ఏడాది తిరిగొచ్చింది. జాతర దగ్గర పడుతుండగా సీతారామరావు మనవడు మోహిత్‌కి అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు, మందులు వాడుతున్నారు, అయినా ఆచారం ఆచారమే. కోడలు రజని దేవుడి గూట్లో ఉన్న పసుపు ముద్ద తీసి, వేపాకులతో పాటు గోరువెచ్చటి నీళ్ళలో వేసింది. రాయిలా ఎండిపోయిన ముద్ద మెల్లగా విచ్చుకుంది. సాయంత్రం పిల్లాడికి ఒళ్ళు తుడుద్దామని చెయ్యి పెడితే అడుగున రెండు వెండి కళ్ళు తగిలాయి.

సీతారామరావు వాటిని చూసి కుర్చీలో కూలబడ్డాడు. ఆ రోజు చీకట్లో తన చేతులు చేసిన పని ఆయనకి గుర్తు రావడానికి క్షణం పట్టలేదు. ఏటేటా ముందే తీసేస్తుంది కదా అనుకున్నాడు, ఆ అనుకోవడమే ఆయనకి నిజమైపోయింది. కాసేపటికి తేరుకుని, ఎవరితో అనొద్దు, రేపు హుండీలో వేసేద్దాం, అమ్మవారే తెచ్చుకుందని చెబుదాం అన్నాడు. రజని ఈ ఊళ్ళోనే సీతారాండేరా బస్తీలో పుట్టి పెరిగిన పిల్ల, మామగారికి ఎదురు చెప్పి ఎరగదు. కానీ ఆ మోహిత్‌కి పురుట్లో నీళ్ళు పోసి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నలుగు పెట్టింది అమ్మణ్ణే. రజని ఆ కళ్ళు గుప్పిట్లో పట్టుకుని తిన్నగా ఆమె ఇంటికి వెళ్ళింది.

అమ్మణ్ణి చూసింది. గోడకి చేరబడి కాసేపు కళ్ళు మూసుకుంది. రజని వాటిని ఇవ్వబోతే మాత్రం చేతులు వెనక్కి పెట్టేసుకుంది.

"నా సేతిలో ఎట్టకమ్మా. ఇప్పుడవి నాకాడ ఉంటే ఏటంటారో నీకు తెల్దా? పట్టికెళ్ళి మీ మావయ్యకే ఇయ్యి. ఆయన్నే తెమ్మను."

మర్నాడు సీతారామరావు వచ్చాడు. చీర, అరటిపళ్ళు, పసుపు కుంకుమ అన్నీ పళ్ళెంలో పెట్టుకుని వచ్చాడు. వచ్చింది మాత్రం సందులోంచి, పెరటి తలుపుకే. అమ్మణ్ణి అందరికీ చెప్పిన మాటే ఆయనకీ చెప్పింది. పెద్దాయన పళ్ళెం పట్టుకుని కాలవ పక్కనుంచి చుట్టూ తిరిగి, వీధంతా చూస్తుండగా ముందు గుమ్మంలోకి వచ్చాడు. పొరపాటయిందమ్మా, ఇది పుచ్చుకుని ఘటం ఎత్తు, పాత సంగతులు వదిలేద్దాం అన్నాడు. అమ్మణ్ణి పళ్ళెం ముట్టుకోలేదు. అన్నప్పుడు ఎక్కడన్నారో అక్కడే, ఎంతమందిలో అన్నారో అంతమందిలోనే తేలాలంది. అసిరయ్యని ఆకూ మసీ తెచ్చుకోమంది. ఎందుకని ఆయన అడిగితే, ఈసారి మీరు సూడాల అంది. మొండివాడే గాని అబద్ధం మీద నిద్రపోయే మనిషి కాదు. వస్తానన్నాడు.

జాతర మొదలయ్యే రోజు, దీపాలవేళ. గుడి ముందు కిందటేడు ఉన్నవాళ్ళందరూ ఉన్నారు, కబురు పాకింది కాబట్టి లేనివాళ్ళు కూడా వచ్చారు. పసుపు ముఖంలో వెండి కళ్ళు మళ్ళీ మెరుస్తున్నాయి. తొలి ఘటం నిండుగా వేపమండలతో సిద్ధంగా ఉంది. సీతారామరావు చాప మీద కూచున్నాడు. కళ్ళు తన ఇంట్లోనే దొరికాయని అందరికీ వినపడేలా ఆయనే చెప్పాడు. గుసగుసలు లేచాయి, అమ్మణ్ణి చెయ్యెత్తితే ఆగాయి. అసిరయ్య మసి రాసిన ఆకు అందించాడు. ఆమె దాన్ని గార్డుబాబు అరచేతిలో పెట్టి, దీపం దగ్గరికి జరిపింది.

"ఏటి కనిపిత్తంది బాబూ?"

ఆయన వంగి చూశాడు. యార్డులో ఏదో ఇంజను కూతేసి ఆగింది. మసి ఆముదంతో పాటు ఆకు అంచుల నుంచి కారి అరచేతి గీతల్లోకి దిగుతోంది.

"ఏమీ కనపడ్డం లేదు," అన్నాడు సీతారామరావు.

"ఏటీ కనపడనోళ్ళే దొంగలని పోయినేడు ఇక్కడే అన్నారు. మరిప్పుడు మిమ్మల్ని ఏటనమంటారు?"

కిందటేడు వెనక నుంచి అన్నవాళ్ళు ఈసారి ఇంకా వెనక్కి జరిగారు. సీతారామరావు తలెత్తి ఆమెని చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేను దొంగను కాను అమ్మణ్ణీ," అన్నాడు.

"నానూ అదే సెప్పినాను," అంది అమ్మణ్ణి. "నా మాట మీరిన్నేదు. మీ మాట నానింటన్నాను."

అని లేచింది. చీర చెంగు బిగించి, వంగి, ఎవరి సాయమూ అడక్కుండా తొలి ఘటం తనే నెత్తికెత్తుకుంది. మురళి డప్పు అందుకుని మొదటి దెబ్బ వేశాడు. సీతారామరావు మసి చెయ్యి అలాగే పట్టుకుని పక్కకి జరిగాడు, ఘటం తిరిగి గుడికి చేరేదాకా ఎవరూ చేతులు కడుక్కోకూడదని కట్టుబాటు పెట్టింది ఆయనే. గుడి మెట్టు దగ్గర ఆదిబాబు నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు. యోగిత ఎక్కడుందో అని అటూ ఇటూ చూడలేదు అమ్మణ్ణి.

"ఏటలా సూత్తన్నావు మావా," అంది అతనితోనే, "తప్పుకో, దారియ్యి."